వేళ్లకు తెలియాలి

అంత ఎత్తు నుంచి దూకుతుంటే భయం వెయ్యదా అని అడిగినవాళ్లు బోలెడు మంది. చలి వెయ్యదా అని అడిగింది మాత్రం మా అమ్మ ఒక్కతే. కూతురు విమానంలోంచి దూకుతుందన్న సంగతిని ఆవిడ ఇప్పటికీ సగమే నమ్ముతుంది. నమ్మిన ఆ సగంలో బెంగంతా చెవుల మీదే. "పారాచూట్ సంగతి వాళ్లెవరో చూసుకుంటార్లే, నువ్వు చెవులు కప్పుకుంటున్నావా లేదా?" అంటుంది తణుకు నుంచి ఫోన్లో.

విన్నవాళ్లు నవ్వుతారు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే. భయానిదేముంది, తలుపు దగ్గర నాలుగు క్షణాలు. కాలు బయటపెట్టాక భయపడే తీరిక మనకుండదు. చలి అలా కాదు. విమానం ఎక్కక ముందే పట్టుకుంటుంది, నేల మీదికి దిగి గంటయినా వదలదు. పైగా భయానికి లొంగినవాళ్లు దూకడం మానేసి విమానంలోనే కిందికి వచ్చేస్తారు. ఎవరికీ నష్టం లేదు. చలికి లొంగినవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. దూకేస్తారు.

మామూలుగా మేం దూకే ఎత్తు 13,500 అడుగులు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. మొత్తం మీద 27 డిగ్రీల తేడా. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, మా తణుకు మీద అంత ఎత్తుకు వెళ్లినా లెక్క ప్రకారం సంక్రాంతి తెల్లవారుజాము చలి తగలాలి. నేనుండే ఇల్లినాయ్‌లో అక్టోబరు చివర పొద్దున్నపూట 5 డిగ్రీలుంటుంది. అందులోంచి 27 తీసెయ్యండి.

గాలిది ఇంకో లెక్క. పొట్ట కిందికి పెట్టి పడుతున్న మనిషి వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు. గాలి వీస్తే చలి ఎంత పెరుగుతుందో పద్ధతిగా కొలిచింది పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు, అంటార్కిటికాలో. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఆరుబయట గాలికి పెట్టి, అవి గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూస్తూ కూర్చున్నారు. 1945లో అచ్చయిన ఆ లెక్కలో తర్వాత చాలా మార్పులొచ్చాయి. ఇప్పుడు అమెరికా వాతావరణ శాఖ వాడే పట్టిక 2001 నాటిది. అది గంటకు 60 మైళ్ల గాలి దగ్గర ఆగిపోతుంది. మేం పడేది 120 మైళ్లతో. మాకు పట్టికలో చోటే లేదు.

ఇంత చెప్పాక, అసలు చలంతా ఆ పడే నిమిషంలోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ నిమిషంలో చలి తెలియదు. ఒళ్లంతా వేడెక్కి ఉంటుంది, మనసు పని మీద ఉంటుంది, పైగా కిందికి వస్తున్నకొద్దీ గాలి వెచ్చబడుతూ ఉంటుంది. నిమిషంలో 9 వేల అడుగులు పడతాం, అంటే 18 డిగ్రీలు. అరవై సెకన్లలో ఒక ఋతువు దాటిపోయినట్టే. చలి ఉండేది ఖాళీగా కూర్చున్న చోట. ఎక్కేటప్పుడు విమానంలో పావుగంటో ఇరవై నిమిషాలో, దిగేటప్పుడు పారాచూట్ కింద ఐదారు నిమిషాలు. ఎక్కువమంది పడే నిమిషం కోసం బట్టలు వేసుకుని వస్తారు. కూర్చునే ఇరవై నిమిషాల కోసం వేసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఆ విమానం లోపలి సంగతి కాస్త చెప్పాలి. సీట్లుండవు. రెండు వైపులా పొడుగాటి బెంచీలు, లేదా ఉత్త నేలే. ఒకరి మోకాళ్ల మధ్య ఇంకొకరు ఇరుక్కుని, తోక వైపు మొహం పెట్టుకుని కూర్చుంటాం. తలుపు గట్టి ప్లాస్టిక్‌ది, పైకి చుట్టుకుపోయే రకం. మూసినా అడుగున సన్నటి సందు ఉండిపోతుంది. ఆ సందులోంచి వచ్చే గాలి ముందు చీలమండల్ని వెతుక్కుంటుంది, సాక్సుకూ ప్యాంటుకూ మధ్య రెండంగుళాల చర్మం ఎక్కడ దొరుకుతుందా అని. ఐదు వేల అడుగుల దాకా జోకులు నడుస్తాయి. ఎనిమిది వేలకు అందరి చేతులూ చంకల్లోకి వెళ్లిపోతాయి. పది దాటాక మాట వినపడదు, ఎవరి పిడికిలి వాళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకోవడమే. పైకొచ్చాక తలుపు తెరుస్తారు, కింద చోటు సరిగ్గా వచ్చిందో లేదో ఒకరు తల బయటపెట్టి చూస్తారు. అప్పటిదాకా పదిహేను మంది ఊపిరితో పోగైన ఆ కాస్త వెచ్చదనం ఒక్క ఊపులో బయటికి పోతుంది.

ఇక బట్టలు. కోస్తాలో పుట్టినదాన్ని, నూలుకు మించిన బట్ట లేదనుకునే మనిషిని. పెట్టె నిండా మంగళగిరి, పొందూరే. కానీ ఇక్కడ ఒంటికి తగిలేది నూలు కాకూడదు. విమానం ఎక్కే ముందు హీటరు వేసిన షెడ్డులో అన్ని బట్టలూ వేసుకుని, పారాచూట్ మడత పెట్టడానికి నేల మీద మోకాళ్లతో పాకుతుంటే మైనస్ సంగతి దేవుడెరుగు, చెమట ధారలు కడుతుంది. నూలు ఆ చెమటను పీల్చుకుని వదలదు. తడి బనియనుతో పది వేల అడుగులకు వెళ్తే పైన ఎన్ని స్వెట్టర్లున్నా వణుకు ఆగదు. అందుకే లోపల ఒంటిని అంటిపెట్టుకునే పల్చటి ఉన్ని, లేదా పాలియెస్టర్ థర్మల్. దాని మీద ఫ్లీస్. అన్నిటి మీదా గాలి చొరబడని జంప్‌సూట్. వీటిలో మూడోది లేకపోతే మొదటి రెండూ దండగ. వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో కదలకుండా నిలిచిన గాలి. 190 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి స్వెట్టరు కన్నాల్లోంచి దూరి, ఆ నిలవ గాలిని తుడిచిపెట్టేస్తుంది.

ఈ సంగతి కనిపెట్టినాయన పేరు కూడా కాటనే. మా గోదావరి జిల్లాల వాళ్లకు కాటన్ అంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొర ఒక్కడే, ఈయన వేరు. సిడ్నీ కాటన్, ఆస్ట్రేలియావాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం తరఫున విమానం నడిపాడు. అప్పటి విమానాలకు పైకప్పు లేదు. 1916 చలికాలంలో ఒకరోజు ఇంజిను బాగుచేసుకుంటుండగా హఠాత్తుగా పిలుపొస్తే, నూనె, గ్రీజు ఇంకిపోయిన పని బట్టలతోనే ఎగిరిపోయాడు. దిగాక చూస్తే తోలు కోట్లు, బొచ్చు కోట్లు వేసుకున్నవాళ్లందరూ గడ్డకట్టుకుపోయి ఉన్నారు, ఈయనకు మాత్రం చలే వెయ్యలేదు. గ్రీజు గుడ్డ కన్నాలన్నీ పూడ్చేసి గాలిని బయటే ఆపేసిందని అర్థమైంది. లోపల సన్నటి బొచ్చు, మధ్యలో గాలి దూరని పట్టు, పైన పల్చటి బర్బెరీ బట్టతో 1917లో ఒక సూటు కుట్టించాడు. సిడ్‌కాట్ అని దానికి తన పేరే పెట్టుకున్నాడు. బ్రిటిష్ వైమానిక దళం దాన్ని దశాబ్దాల పాటు వాడింది. మాసిన బట్టల్ని మా ఇంట్లో ఎప్పుడూ ఉతకడానికి వేసేవాళ్లు. ఆయన కూర్చుని ఆలోచించాడు, అదీ తేడా.

లెస్లీ ఇర్విన్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని డేటన్ దగ్గర విమానంలోంచి దూకి, గాల్లో కొంతసేపు పడి, తర్వాత తన చేత్తో పారాచూట్ లాగి చూపించినవాడు ఈయన. గాల్లో పడుతుంటే మనిషికి స్పృహ పోతుంది, చెయ్యి ఆడదు అని అప్పటిదాకా పెద్దవాళ్లే నమ్మేవారు. ఆ దిగడంలో చీలమండ విరిగింది గానీ వాదం గెలిచాడు. 1930ల్లో ఇంగ్లండులో విమాన సిబ్బంది కోసం గొర్రెతోలు జాకెట్టు తయారుచేసి అమ్మిందీ ఈయనే. ఇప్పటికీ దాని నకళ్లు ఫ్యాషన్ దుకాణాల్లో దొరుకుతాయి. చెయ్యి ఆడుతుందని నిరూపించినవాడే, చెయ్యి ఆడనివ్వనంత దళసరి కోటూ కుట్టాడు. విమానంలో కూర్చునేవాడికి అది బంగారం. దూకేవాడికి మాత్రం పనికిరాదు.

అసలు విషయం ఆ చెయ్యే. మిగతా బట్టల గురించి ఎంత మాట్లాడినా, చలికాలపు స్కైడైవింగ్ అంతా చివరికి కుడిచేతి వేళ్ల దగ్గరికి వచ్చి ఆగుతుంది.

మా ఒంటి మీద లాగాల్సిన పిడులు మూడుంటాయి. అసలు పారాచూట్ తెరిచేది వీపు సంచి అడుగున, కుడి తుంటి వెనక ఉంటుంది. అది కంటికి కనపడదు. చెయ్యి వెనక్కి పెట్టి, తడిమి, పట్టుకుని విసరాలి. ఆ పారాచూట్ సరిగ్గా విచ్చుకోకపోతే దాన్ని వదిలించుకునే మెత్తటి పిడి కుడి రొమ్ము దగ్గర, సాధారణంగా ఎర్రగా ఉంటుంది. రెండో పారాచూట్‌ది ఎడమ పక్క, చాలావరకు ఉక్కు కడియం. గంటకు 190 కిలోమీటర్ల గాలిలో, కంటికి కనిపించని ఒక చిన్న ముద్దను వేళ్లు గుర్తుపట్టాలి. అది పిడో, సూటు మడతో, సంచి అంచో వేళ్లే చెప్పాలి. చర్మం వేడి 15 డిగ్రీల కిందికి దిగేసరికి వేళ్లకు చురుకుదనం తగ్గుతుంది. ఇంకా దిగితే స్పర్శే పోతుంది. కొంకర్లు పోయిన వేలు వేలులాగే కనిపిస్తుంది, వంచితే వంగుతుంది కూడా. దాని కింద ఏముందో మాత్రం చెప్పదు.

ముందు వేళ్లే ఎందుకు మొరాయిస్తాయంటే, కరువొచ్చినప్పుడు ఇంటి యజమాని ముందు దూరపు చుట్టాలకు పంపేది ఆపేసినట్టు, ఒళ్లు చలికి ముందు వేళ్లకు రక్తం ఆపేస్తుంది. గుండెకూ కడుపుకూ ఉంటే చాలనుకుంటుంది. కాబట్టి చేతులు వెచ్చగా ఉండాలంటే గ్లౌజులకన్నా ముందు ఛాతీ వెచ్చగా ఉండాలి. ఇది చాలామంది నమ్మరు. ఒంటి మీద ఒక్క టీషర్టు, చేతులకు వంద డాలర్ల గ్లౌజులు వేసుకొచ్చి, వేళ్లు చచ్చిపోయాయని గ్లౌజుల కంపెనీని తిడుతుంటారు. ఎత్తు చూపించే ఆల్టీమీటర్ పట్టీ మణికట్టుకు మరీ బిగించినా, సాక్సు మీద సాక్సు వేసి బూటులో ఇరికించినా అంతే. రక్తం నడిచే దారి మూసేసి వేడి కావాలంటే ఎక్కణ్నుంచి వస్తుంది?

గ్లౌజుల్లో దళసరివి పనికిరావు. మంచులో జారే ఆటకు వాడేవి చూడ్డానికి ఘనంగా ఉంటాయి గానీ, వాటితో పిడి తడమడం చలికి మొద్దుబారిన చేత్తో తడమడం కన్నా ఏమంత నయం కాదు. పల్చటి తోలువి, లేదా అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు బంతి జారకుండా వేసుకునేవి వాడతారు. లోపల పట్టు తొడుగు ఒకటి. కొందరు ఆసుపత్రిలో వాడే రబ్బరు గ్లౌజులు లోపల వేసుకుంటారు. గాలి ఆగుతుంది నిజమే గానీ నాకు చెమట పట్టి చిరాకు. కొనేటప్పుడు దుకాణంలోనే తొడుక్కుని, కళ్లు మూసుకుని, బల్ల మీదున్న నాణెం తీసి చూడండి. తియ్యలేకపోతే ఆ జత ఎంత వెచ్చనిదైనా అక్కడే పెట్టెయ్యండి. దూకే ఎత్తులో వేడి 40 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తక్కువుంటే గ్లౌజులు ఉండాలని అమెరికా పారాచూట్ అసోసియేషన్ సూచన. మన లెక్కలో అది నాలుగున్నర డిగ్రీలు. కిందికి లెక్కేస్తే నేల మీద ముప్ఫై డిగ్రీల వేడిలోనూ వేసుకోవాలన్నమాట. ఎండాకాలంలో ఆ మాట పట్టించుకునేవాళ్లు తక్కువ.

గ్లౌజులకు అసలు పరీక్ష పారాచూట్ విచ్చుకున్నాక. రెండు చేతులూ తల పైకి ఎత్తి, దారి తిప్పుకునే పట్టీలు పట్టుకుని ఐదారు నిమిషాలు అలాగే ఉండాలి. ఎత్తిన చేతుల్లోకి రక్తం అసలే సరిగ్గా ఎక్కదు. తీరా నేల దగ్గరికి వచ్చాక రెండు పట్టీలూ ఒకే క్షణంలో, ఒకే లోతుకు లాగాలి. కుడి చెయ్యి ముందో ఎడమ చెయ్యి ముందో లాగితే పక్కకి తిరిగి పడతాం. చలికాలం నేల గడ్డకట్టి ఉంటుంది, పచ్చిక మెత్తదనం ఏమీ ఉండదు. దిగాక షెడ్డులో కాఫీ కప్పు చుట్టూ వేళ్లు చుట్టి కూర్చుంటే, రక్తం తిరిగొచ్చే ఆ రెండు నిమిషాలూ గోళ్ల కింద సూదులు గుచ్చినట్టుంటుంది. కళ్ల వెంట నీళ్లొస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లకు అలవాటే, ఎవరూ ఏమీ అనరు.

ఎత్తుల కథల్లో నాకు ఎప్పుడూ గుర్తుండేదీ ఒక గ్లౌజే. 1960 ఆగస్టు 16న జో కిట్టింగర్ న్యూమెక్సికో మీద బెలూన్లో 102,800 అడుగులకు వెళ్లి దూకాడు. దారిలో మైనస్ 70 డిగ్రీల చలి. పైకి వెళ్తుండగానే కుడిచేతి గ్లౌజులో గాలి ఒత్తిడి నిలవడం లేదని తెలిసింది. కింద వాళ్లకు చెబితే దించేస్తారని నోరు మెదపలేదు. చెయ్యి రెండింతలు వాచిపోయింది, పనికి రాకుండా పోయింది. ఆ చేత్తోనే 4 నిమిషాల 36 సెకన్లు పడ్డాడు. అది చలి చేసిన పని కాదు, పైన గాలి లేకపోవడం వల్ల వచ్చింది. దిగిన కొన్ని గంటలకు చెయ్యి మామూలుగా అయింది. అందరూ ఆయన ధైర్యాన్ని పొగుడుతారు, పొగడాల్సిందే. ఆ దాపరికాన్ని మాత్రం నేను మెచ్చుకోలేను. చెయ్యి పనిచెయ్యని సంగతి దాచిపెట్టి మా దగ్గర ఎవరైనా దూకితే మళ్లీ విమానం ఎక్కనివ్వరు.

మన దేశంలో శీతల్ మహాజన్ ఉంది. పుణె మనిషి. 2004లో ఉత్తర ధ్రువం మీద, మైనస్ 37 డిగ్రీల్లో, 2,400 అడుగుల నుంచి మొదటి దూకుడే దూకింది. 2006లో దక్షిణ ధ్రువం. 2018లో థాయిలాండ్‌లో తొమ్మిది గజాల నౌవారీ చీర కట్టుకుని దూకింది. ఎవరిని అడిగినా ధ్రువాల గురించే గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఆ చీరే గొప్ప. చలి బట్టలకు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే మర్యాద కాస్తయినా ఉంటుంది. తొమ్మిది గజాల గుడ్డను 190 కిలోమీటర్ల గాలిలో కుచ్చిళ్లు కదలకుండా, పిడుల మీద పడకుండా, మొహానికి చుట్టుకోకుండా ఒద్దికగా ఉంచడం అంటే మాటలా?

ఎగిరే గుడ్డ ఏదైనా ఆకాశంలో శత్రువే. మఫ్లర్ తాళ్లలో చిక్కుకోవచ్చు. హుడీ టోపీ వెనక నుంచి లేచి కళ్ల మీద పడొచ్చు. జిప్పు పెట్టని జాకెట్టు అంచు గాలికి లేచి పిడిని కప్పేస్తుంది. బూటు లేసులకు ఇనుప కొక్కేలుంటే వాటికీ తాళ్లు తగులుకుంటాయి.

మొన్నామధ్య వరంగల్ కుర్రాడొకడు టాండెం దూకడానికి వచ్చాడు, అంటే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి కట్టి దూకించే రకం. బాతు ఈకలు కుక్కిన ఉబ్బు జాకెట్టు వేసుకొచ్చాడు. "అక్కా, ఇది మైనస్ ఇరవై దాకా ఆపుతుందట" అన్నాడు మురిసిపోతూ. "ఆపుతుంది తమ్ముడూ, నిలబడి ఉంటే" అన్నాను. ఆ ఉబ్బంతా గాలే. హార్నెస్ పట్టీలు బిగించిన చోటల్లా చప్పబడిపోతుంది, అక్కడ చలి దూరుతుంది. పైగా ఉబ్బు మీద బిగించిన పట్టీ, ఉబ్బు అణిగాక వదులైపోతుంది. వదులు పట్టీతో దూకకూడదు. అతను కాస్త నొచ్చుకున్నాడు గానీ, జాకెట్టు తీసేసి నా ఫ్లీస్ వేసుకున్నాడు.

ఇక మా అమ్మ ప్రశ్న. ఎవరి సామానులోనో పెట్టి తణుకు నుంచి మంకీ క్యాప్ పంపింది. గోధుమ రంగు ఉన్నిది, నెత్తిన బంతి కుచ్చుతో. హెల్మెట్ కింద అది పట్టదు, గాగుల్స్ పట్టీ పైకి జారిపోతుంది. అయినా ఇక్కడివాళ్లు హెల్మెట్ కింద వేసుకునేది దాని పల్చటి తమ్ముణ్నే. చెవులు, మెడ కప్పి, అంచు జంప్‌సూట్ కాలర్ లోపలికి దోపేస్తారు. హెల్మెట్‌కూ కాలర్‌కూ మధ్య మెడ మీద వేలెడు చోటు వదిలితే, అక్కణ్నుంచి దూరిన గాలి నడుము దాకా వెళ్తుంది. ముక్కు మాత్రం కప్పుకోకూడదు. ఊపిరి పైకెక్కి గాగుల్స్ మీద మంచులా పట్టి, నేల కనపడకుండా చేస్తుంది. అమ్మ ముక్కు గురించి ఎప్పుడూ అడగలేదు, చెవుల గురించే అడిగింది. పూర్తిగా సరైన ప్రశ్నే. ఇప్పుడు ఆ టోపీ చలికాలం పొద్దున్న చెత్తబుట్ట వీధిలో పెట్టడానికి వెళ్లేటప్పుడు పెట్టుకుంటున్నాను.

ఈ వైపు చాలా డ్రాప్‌జోన్లు, అంటే మేం దూకే చోట్లు, డిసెంబరు నుంచి మార్చి దాకా మూసేస్తారు. డబ్బున్నవాళ్లు అరిజోనా వెళ్లి దూకుతారు. మిగతావాళ్లం ఏప్రిల్ కోసం చూస్తాం. మూసే ముందు వచ్చే ఆ రెండు నెలల్లో, మధ్యాహ్నం ఎండ చూసి మోసపోయి టాండెం బుక్ చేసుకునే మన పిల్లలే ఎక్కువ. వాళ్లకు చెప్పేదొకటే. హుడీ, మఫ్లర్ కార్లో వదిలెయ్యండి. నూలు బనియను బదులు థర్మల్ వేసుకోండి. గ్లౌజులు ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడగండి. పైకి వెళ్లాక వేళ్లు మొద్దుబారాయనిపిస్తే, తలుపు తెరవకముందే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి. ఆయన వద్దంటే విమానంలోనే కిందికి వచ్చెయ్యండి. డబ్బులు పోతే పోతాయి.